‘జస్ట్’ అని రాసి ఓడిపోవద్దు

ఛత్రినాకలో మేము ఆదివారం సాయంత్రాలు కూర్చునే గదికి ఊళ్ల నుంచి కాగితాలు వస్తుంటాయి. పిటిషన్ నకలు, ఎఫ్ఐఆర్ కాపీ, దవాఖాన చీటీ. పట్నంలో కూలికొచ్చిన మాల మాదిగలు ఊళ్లో ఉన్న అన్నదమ్ములకు దెబ్బ తగిలిందంటే ఆ కాగితాలు పట్టుకొని ముందు ఇక్కడికే వస్తారు. అట్లా పాలమూరు దిక్కు నుంచి ఒక తమ్ముడు వచ్చిండు. చాయ్ హోటల్ ముందు బెంచీ మీద కూర్చున్నందుకు కులం పేరు పెట్టి తిట్టి, మెడబట్టి నెట్టేసిండ్రు. తమ్ముడు ఇంటర్ దాకా చదివిండు. పిటిషన్ తనే రాసుకున్నడు.

ఆ పిటిషన్‌లో అసలు ముచ్చట నాలుగు వాక్యాల్లో ఉంది. “నేను జస్ట్ కూర్చున్నాను. అతను జనరల్‌గా మా కులాన్ని తిట్టాడు. మాక్సిమమ్ అందరూ చూశారు. నాకు లైట్‌గా దెబ్బలు తగిలాయి.” నాలుగు వాక్యాలు, నాలుగు ఇంగ్లీషు మాటలు. ఎందుకు రాసినవ్ తమ్ముడూ అని అడిగితే, “ఇంగ్లీషు మాట పెడితే సారు జర ఇజ్జత్ ఇస్తడని రాసిన అన్నా” అన్నడు.

ఇజ్జత్ రాలేదు. ఆ నాలుగు మాటలే ఆయన మెడకు చుట్టుకున్నయ్. ఠాణాలో వాంగ్మూలం ఇంగ్లీషులో టైపు చేసిండ్రు. ‘జనరల్‌గా’ అన్న మాట అక్కడ ‘జనరల్ క్వారల్’ అయింది, అంటే మామూలు కొట్లాట. ‘మాక్సిమమ్ అందరూ’ అన్నది ‘కొందరు వ్యక్తులు’ అయింది. ‘లైట్‌గా’ అన్నది ‘మైనర్’ అయింది. చదివి వినిపించలేదు. తమ్ముడు సంతకం పెట్టి వచ్చిండు. అట్రాసిటీ సెక్షన్ పెట్టలేదు.

తప్పు తమ్ముడిది కాదు. తిట్టినోడిది, రాసుకున్నోడిది. కాని ఎదుటోని తప్పు వాడు ఎట్లాగూ చేస్తడు. మన చేతిలో ఉన్నది మనం సరిచేసుకోవాలె. అందుకే ఈసారి ఈ చిన్న ఇంగ్లీషు మాటల గురించి రాస్తున్నాం. ఎంత, ఎందరు, ఎక్కడిదాకా అని కొలత చెప్పే మాటలు. జస్ట్, టోటల్, ఓన్లీ, మినిమమ్, మాక్సిమమ్, జనరల్, పార్షియల్. ఇవి చూడ్డానికి చిల్లర మాటలు. కాని చట్టంలో మన బతుకులు వేలాడేది ఈ చిల్లర మాటల మీదనే.

తమ్ముడు చెప్పదలుచుకున్నది ఏమిటో చూడండి. ‘జనరల్‌గా తిట్టిండు’ అంటే ఆయన మనసులో ఉన్నది, ఆ మనిషి నోరు తెరిస్తే ఎప్పుడూ గట్లనే తిడుతడని. చదివినోనికి అర్థమైంది వేరు. ఈయన్ని తిట్టలేదు, ఊరికే గాలికి తిట్టిండని. ‘మాక్సిమమ్ అందరూ చూశారు’ అన్నది మన వాడుకలో ‘దాదాపు అందరూ’. ఇంగ్లీషులో మాక్సిమమ్ అంటే ఇంతకు మించి లేదనే హద్దు. ఆ మాటలో ఒక్క మనిషి పేరు లేదు. పేరు లేని అందరూ కోర్టుకు రారు. తమ్ముడు ‘హోటల్ ముందు రోడ్డు పక్క బెంచీ మీద కూర్చున్న. పొద్దున ఏడు గంటలు. ఫలానా ఇద్దరు చాయ్ తాగుతున్నరు, వాళ్లు మా చుట్టాలు కారు. నన్ను చూసి కులం పేరు పెట్టి ఈ మాట అన్నడు’ అని తన మాటల్లోనే రాసి ఉంటే, ఆ వాక్యాలను మైనర్ చేయడం ఎవరి తరమూ కాకపోను.

ఎందుకంటే 1989 అట్రాసిటీ చట్టం ఏమంటుంది? కులం పేరుతో తిట్టిన నేరానికి ఒక షరతు పెట్టింది. ‘ఎనీ ప్లేస్ విదిన్ పబ్లిక్ వ్యూ’. అంటే జనం కంటికి ఆనే ఏ చోటైనా. ఇందులో ‘ఎనీ’ మనకు తలుపు తెరుస్తుంది, ‘పబ్లిక్ వ్యూ’ ఆ తలుపును సగం మూస్తుంది. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమర్చింది. సొంత జాగా అయినా సరే, రోడ్డు మీదికి, గోడ అవతలికి కనిపించే చోటైతే అది జనం కంటికి ఆనే చోటే. ఇంటి లోపల అయినా బయటి జనం ఉంటే అదీ లెక్కే. కాని ఉన్నది ఇంటోళ్లు, స్నేహితులు మాత్రమే అయితే కాదు. 2020లో హితేష్ వర్మ కేసులో నాలుగు గోడల మధ్య అన్న మాట ఈ సెక్షన్ కిందికి రాదని తేల్చింది. దొర ఇంట్లోకి పిలిచి, తలుపేసి తిడితే ఏం చేయాలన్నది వేరే కొట్లాట, అది మనం చేయాల్సిందే. ఇయ్యాల మాత్రం పిటిషన్ రాసే కార్యకర్త రాయాల్సింది ఇది: చోటు ఎక్కడ, అది ఎవరికి కనపడుతది, ఎవరు విన్నరు. ‘టోటల్ ఊరు’ కాదు. ఇద్దరు మనుషుల పేర్లు.

‘ఓన్లీ’ అనే మాట సంగతి ఇంకా పెద్దది. హత్యలూ అత్యాచారాల లాంటి, పదేండ్లు, అంతకు మించి శిక్షపడే నేరాలు దళితుల మీద జరిగితే యావజ్జీవం వేయాలని అట్రాసిటీ చట్టంలో ఒక సెక్షన్ ఉంది. బాధితుడు దళితుడు అన్న కారణం మీద నేరం జరిగి ఉండాలని మొదట్లో రాసిండ్రు. ‘కారణం మీద’ అన్నరే గాని ‘కారణం మీద మాత్రమే’ అనలేదు. కాని కోర్టుల్లో ఆ ‘మాత్రమే’ ఎవరూ రాయకుండానే వచ్చి కూర్చుంది. భూమి తగాదా ఉంది కాబట్టి కులం కాదు. పాత పగ ఉంది కాబట్టి కులం కాదు. ఆడమనిషి మీద కామంతో చేసిండు కాబట్టి కులం కాదు. 2006లో మహారాష్ట్ర ఖైర్లాంజిలో ఒకే దళిత కుటుంబంలో నలుగురిని చంపిన కేసులో కూడా అది పగ, కులం కాదని అన్నరు. దళితునికి భూమి తగాదా వస్తే వాడు దళితుడు కాకుండా పోతడా?

ఈ ప్రశ్నకు మన తెలుగు నేల నుంచి వెళ్లిన కేసులోనే జవాబు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చూపులేని ఒక దళిత యువతి మీద జరిగిన అత్యాచారం కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కులం ఒక్కటే కారణం కావాలని అడగడం తప్పు, ఆడది కావడం, చూపు లేకపోవడం, దళితురాలు కావడం అన్నీ కలిసే ఆమె మీద పడ్డాయని ఒప్పుకుంది. అత్యాచారానికి వేసిన జీవిత ఖైదును ఖాయం చేసింది. కాని అట్రాసిటీ సెక్షన్ కింద వేసిన శిక్షను కొట్టేసింది. ఎందుకు? కులం కూడా కారణమని చూపే సాక్ష్యం కేసు కాగితాల్లో లేదు గనక. న్యాయం మాటలో దొరికింది, కాగితంలో జారిపోయింది. ఈ కేసు మనకు పాఠం. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఆ ‘కారణం మీద’ అన్న ముక్క పోయి, ‘దళితుడని తెలిసి’ అన్న ముక్క వచ్చింది. ఇప్పుడు మనం చూపాల్సింది వాడికి మన కులం తెలుసునని. ఊళ్లో మన కులం తెలవనోడు ఎవడున్నడు? అయినా పిటిషన్‌లో ఒక వాక్యం రాయాలె: ‘ఇతను మా ఊరివాడే, మా కులం ఇతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు.’

అంబేద్కర్ ఈ కొలత మాటల విలువ ఎరిగిన మనిషి. రాజ్యాంగం 17వ అధికరణం చూడండి. అంటరానితనం రద్దయింది, దాన్ని ‘ఇన్ ఎనీ ఫాం’ పాటించడం నిషేధం. ఏ రూపంలోనైనా. రాజ్యాంగ సభ దీన్ని ఆమోదించింది 1948 నవంబర్ 29న. ఆ ‘ఎనీ’ లేకపోతే రెండు గ్లాసులు వేరు, చెప్పులు విడవడం వేరు, బతుకమ్మ ఆటలో పక్కకు నిలబెట్టడం వేరు అని ఒక్కొక్కదానికీ మనం విడిగా పోట్లాడాల్సి వచ్చేది. ఒక్క చిన్న మాట అన్నిటినీ ఒక ఛత్రి కిందికి తెచ్చింది.

15వ అధికరణంలో ఇంకో జంట మాట ఉంది. బావులు, చెరువులు, స్నాన ఘట్టాలు, రోడ్లు ‘హోల్లీ ఆర్ పార్ట్‌లీ’ సర్కారు సొమ్ముతో నడిచేవైతే ఎవ్వరినీ కులం పేరుతో ఆపరాదు. పూర్తిగానైనా, కొంతైనా. ‘ఈ బోరు మా చందాలతో వేసుకున్నం’ అని పెద్దమనుషులు అంటే, మోటారుకు పంచాయతీ పైసలు ఎన్ని, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నరు అని అడగండి. ఒక్క రూపాయి పంచాయతీదైనా ‘పార్ట్‌లీ’ కిందికి వచ్చింది. జనం అందరికీ అని వదిలిన బావికి ఆ లెక్క కూడా అక్కర్లేదు. దుకాణాలు, హోటళ్లకైతే ఈ సొమ్ము షరతే లేదు. మా తమ్ముడు కూర్చున్న బెంచీ ఆ లెక్కలోదే.

కొలత మాటలు మన దిక్కు ఉన్నట్టే మనకు ఎదురూ ఉంటాయి. 2019లో 103వ సవరణ తెచ్చి ఆర్థికంగా వెనుకబడినోళ్లకు 10 శాతం రిజర్వేషన్ అన్నరు. వినడానికి పేదలందరికీ అన్నట్టే ఉంది. లోపల ‘అదర్ దాన్’ అని రెండు మాటలున్నయ్. ఇప్పటికే రిజర్వేషన్ ఉన్న వర్గాలు కాక మిగతావాళ్లకు అని అర్థం. అంటే పేద మాదిగ, పేద గోండు, పేద చాకలి పేదల లెక్కలోకి రారు. 2022 నవంబర్ 7న అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు దీన్ని సమర్థించారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరి అభ్యంతరం ఈ రెండు మాటల మీదనే. మన దగ్గరికి వచ్చేసరికి 50 శాతం దాటొద్దని 1992 మండల్ తీర్పు నుంచి గోడ కట్టినోళ్లే, వాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ గోడ కదలనిదేం కాదన్నరు.

ఇంకో మాయ మాట ‘యాజ్ ఫార్ యాజ్ పాజిబుల్’. వీలైనంత వరకు. అట్రాసిటీ కేసుల విచారణ చార్జిషీటు వేసిన రెండు నెలల్లో ముగించాలని 2015 సవరణలో రాసిండ్రు. పక్కనే ‘వీలైనంత వరకు’ అని తగిలించిండ్రు. అంతకు ముందు చట్టంలో ఉన్నది ‘స్పీడీ ట్రయల్’ అన్న మాట. స్పీడు అంటే ఎంత? చుండూరును అడగండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపిండ్రు. ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది 2007 జులై 31న. పదహారేండ్లు. 21 మందికి జీవిత ఖైదు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఇదీ స్పీడు. అందుకే చట్టంలో అంకె ఉన్న చోట అంకెను పట్టుకోవాలె. దర్యాప్తు ముగించి చార్జిషీటు వేయడానికి నియమాల్లో 60 రోజులని అంకె ఉంది. దర్యాప్తు చేసే అధికారి డీఎస్పీ హోదాకు ‘నాట్ బిలో’, అంటే తక్కువ ఉండకూడదని గీత గీసి ఉంది. ఎఫ్ఐఆర్ కట్టడానికి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 18ఏ సెక్షన్ తేటగా చెప్తుంది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు చట్టాన్ని నీరుగార్చితే, ఏప్రిల్ 2 భారత్ బంద్‌లో మనోళ్లు ప్రాణాలిచ్చి తెచ్చుకున్న సెక్షన్ అది. ‘చూద్దాం, విచారించి కడతాం’ అంటే ఈ సెక్షన్ పేరు చెప్పండి.

దవాఖానలో ‘సింపుల్’ అని రాసినప్పుడు కూడా జాగ్రత్త. మనకు సింపుల్ అంటే ఏమీ కాలేదని. డాక్టరు రాసేది చట్టం కొలత. ఎముక విరిగినా, పన్ను ఊడినా అది ‘గ్రీవియస్’, తీవ్ర గాయం. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త శిక్షా చట్టం ప్రకారం పదిహేను రోజులు తీవ్ర నొప్పితో ఉన్నా, రోజూ చేసుకునే పని చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే. పాత చట్టంలో ఇరవై రోజులుండె. కాబట్టి ‘లైట్‌గా తగిలింది’ అని మీరే చెప్పొద్దు. ఎక్కడ తగిలింది, ఎన్ని రోజులు కూలికి పోలేదు, అది చెప్పండి. రెండోసారి దవాఖానకు పోయిన చీటీ దాచుకోండి.

ఇక మన ఇంటి సంగతి. మేము కూడా శుద్ధపూసలం కాదు. మన కరపత్రాలు తీసి చూడండి. రెండు వందల మంది వస్తే ‘వేలాదిగా’ అంటాం. నాలుగు దుకాణాలు మూస్తే ‘టోటల్ బంద్’ అంటాం. ‘హండ్రెడ్ పర్సెంట్ దళితులు మనతోనే’ అని మైకులో అంటాం. వింటున్న అవ్వకు తెలుసు, అంత లేదని. పోలీసోడు గేటు కాడ నిలబడి తలలు లెక్కపెడుతనే ఉంటడు. అబద్ధపు కొలత ఒకసారి బయటపడితే, ఆ తర్వాత మనం చెప్పే నిజమైన కొలత కూడా ఎవరూ నమ్మరు. పది ఊళ్లలో తిరిగి ఆరు ఊళ్లలో రెండు గ్లాసులు చూస్తే ‘పదింటిలో ఆరు’ అని రాద్దాం. ‘మాక్సిమమ్ ఊళ్లలో’ అంటే అది ఉపన్యాసం. ‘పదింటిలో ఆరు, ఇవిగో పేర్లు’ అంటే అది సాక్ష్యం.

కొందరు మిత్రులు అడుగుతారు. ఇంగ్లీషే మన విముక్తి అంటిరి, ఇప్పుడు ఇంగ్లీషు మాటలు వద్దంటున్నారా? వద్దనడం లేదు. నిజాం కాలంలో దఫ్తర్ల భాష ఉర్దూ. మన తాతలకు రాదు. తెలుగును అధికార భాష చేస్తూ 1966లో చట్టం వచ్చింది. అయినా రాజ్యాంగం 348వ అధికరణం కింద హైకోర్టు, సుప్రీంకోర్టు నడిచేది ఇంగ్లీషులోనే. మన గోడు ఏనాడూ మన నోటి మాటగా పై కోర్టుకు చేరలేదు. అందుకే మన పిల్లలకు ఇంగ్లీషు కావాలె. భాగ్యరెడ్డివర్మ ఈ పట్నంలో మన పిల్లలకు బడులు పెట్టిన నాటి నుంచి మన పోరాటంలో చదువు ముందుంది. కాని కావాల్సింది నిండు ఇంగ్లీషు. ఒక భాషలో చట్టం చదివి, దానికి ఎదురు ప్రశ్న వేయగల ఇంగ్లీషు. జస్ట్, టోటల్, మాక్సిమమ్ అని తెలుగు మీద చల్లుకునే నాలుగు మెతుకులు కాదు. ఆ మెతుకులు అగ్రకులపోడు నోట్లో వేసుకుంటే ఫ్యాషను. వాని వెనక వకీలు ఉంటడు, మాట జారినా సర్దుతడు. మన వెనక ఎవరున్నరు?

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. పిటిషన్ మన మాటలో రాయండి. ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏమన్నడు, ఎవరు చూసిండ్రు. అన్న తిట్టును అన్నట్టే రాయండి, సిగ్గు మనది కాదు. రాయడం రాకపోతే నోటితో చెప్పండి. నోటితో చెప్పింది ఠాణా అధికారి రాసుకోవాలె, చదివి వినిపించాలె, సంతకం తీసుకోవాలె, నకలు ఉచితంగా ఇవ్వాలె. అట్రాసిటీ నియమాల్లో 5వది ఇదే చెప్తుంది. ఇంగ్లీషులో టైపు చేస్తే, ‘తెలుగులో చదివి చెప్పండి సార్, అప్పుడు సంతకం పెడత’ అనండి. ఎఫ్ఐఆర్‌లో లేని ముచ్చట కోర్టులో చెప్తే, ‘ఇది తర్వాత అల్లింది’ అంటడు ఎదుటి వకీలు. దళితుడు కాని అధికారి కావాలని తన విధి ఎగ్గొడితే ఆయనకూ శిక్ష ఉంది, ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా. అక్కడ కూడా ‘నాట్ లెస్ దాన్’ అన్న కొలత మాట మన దిక్కే ఉంది.

మా గదిలో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. రాసిన ప్రతి పిటిషన్ పోయే ముందు, పక్కింటి ముసలవ్వకు చదివి వినిపిస్తాం. విన్నాక ఆమె ‘ఎవడు కొట్టిండు, ఏడ కొట్టిండు, ఎందరు చూసిండ్రు’ అన్నవి తిరిగి చెప్పగలగాలె. చెప్పలేకపోతే ఆ పిటిషన్ పనికిరాదు, మళ్లీ రాస్తాం. తమ్ముడి పిటిషన్ కూడా గట్లనే తిరగరాసినం, ఎస్పీకి పంపినం. ఈసారి అందులో ఒక్క ‘జస్ట్’ లేదు. బెంచీ ఉంది, పొద్దున ఏడు గంటలుంది, ఇద్దరి పేర్లున్నయ్.

మీ వాడలో కూడా ఒక అవ్వ ఉంటుంది. ఈ పత్రిక కూడా ఆమెకు చదివి వినిపించండి. అర్థం కాని మాట ఏదైనా ఉంటే, తప్పు మాది. రాసి పంపండి, సరిచేసుకుంటాం.

జై భీమ్.